మోటారు ఎందుకు కాలింది? – ఒకేషనల్ విద్యార్థులకు ఆలోచనా నైపుణ్యాలు



వార్షికోత్సవ సంచికకు తలో వ్యాసం రాయమని సంపాదకవర్గం కబురు పెట్టినప్పుడు ఏం రాయాలా అని మేము చాలాసేపు మాట్లాడుకున్నాం. హాస్టల్ జ్ఞాపకాలు రాసేవాళ్ళు చాలామంది ఉంటారు. మేము ఇంటర్‌లో ఒకేషనల్ చదివినవాళ్ళం కాబట్టి, ఇప్పుడు అదే దారిలో ఉన్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ పనికొచ్చే సంగతి ఒకటి చెబుదామనుకున్నాం. ఎం.పి.సి., బై.పి.సి. చదివే వాళ్ళు కూడా చదవవచ్చు. నష్టం లేదు.

ఒకేషనల్ గ్రూపు తీసుకున్నామని చెప్పగానే ఎదుటివాళ్ళు అనే మాట మీ అందరికీ తెలిసిందే. "పోన్లే, చేతిపని ఏదో వస్తుంది." ఈ మాటలో జాలి ఉంది, కొంచెం చులకన కూడా ఉంది. చేతిపనికి బుర్రతో అవసరం లేదని, బుర్ర ఉన్నవాళ్ళు ఈ వైపు రారని దాని అర్థం. ఇది తప్పు. ఎందుకు తప్పో మా అనుభవంతోనే మొదలుపెడతాం.

మోటారు కథ

మేము హాస్టల్లో ఉన్న రోజుల్లో నీళ్ళకు 5 హెచ్.పి. త్రీఫేజ్ మోటారు ఒకటే ఆధారం. ఒక ఏడాది ఆ మోటారు మూడు నెలల్లో రెండుసార్లు కాలిపోయింది. కాలిన ప్రతిసారీ వైండింగ్‌కు డబ్బు, నాలుగైదు రోజులు నీళ్ళ కటకట. తెల్లవారకముందే బకెట్లు పట్టుకుని ఊరి బోరింగు దగ్గర వరుసలో నిలబడేవాళ్ళం. స్నానం చేయకుండా కాలేజీకి వెళ్ళిన రోజులున్నాయి. పరీక్షలు దగ్గర పడుతుండగా మూడోసారి కూడా కాలితే ఏమిటని వార్డెన్ గారు దిగులు పడ్డారు.

వైండింగ్ మేస్త్రి "మోటారు పాతది, అంతే" అన్నాడు. మాలో ఎలక్ట్రికల్ చదివేవాళ్ళం నలుగురం ఉన్నాం. సాయంత్రం పూట వోల్టేజీ తక్కువగా వస్తోందని బల్బులు చూస్తేనే తెలుస్తోంది. మాలో ఒకడు ధీమాగా అన్నాడు: "లో వోల్టేజీకి మోటారు కాలదు. ఓమ్ నియమం ప్రకారం వోల్టేజీ తగ్గితే కరెంటు కూడా తగ్గాలి కదా!" మిగతా ముగ్గురం తలూపాం. ఓమ్ నియమం మాకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. పరీక్షలో దానికి పూర్తి మార్కులు తెచ్చుకున్నవాళ్ళమే మేము.

మా పక్కనే గిన్నెలు కడుగుతున్న కామాటి పెద్దాయన అప్పుడు ఒక మాట అన్నాడు. "బాబూ, పొద్దున మోటారు గొంతు వేరు, సాయంత్రం గొంతు వేరు. సాయంత్రం మూలుగుద్ది. కాలినప్పుడల్లా సాయంత్రమే కాలింది."

ఆయన బడికి వెళ్ళినవాడు కాదు. కానీ మేము ఎవ్వరం గమనించనిది ఆయన గమనించాడు. ఆ మాట పట్టుకుని మా లెక్చరర్ గారి దగ్గరికి వెళ్ళాం. ఆయన టంగ్ టెస్టర్ తెచ్చి, దగ్గరుండి మాతో కొలిపించారు. ఉదయం వోల్టేజీ 410 పైన ఉంది, కరెంటు ఏడున్నర ఆంపియర్ల దగ్గర ఉంది. సాయంత్రం వోల్టేజీ 340కి పడింది, కరెంటు 9 ఆంపియర్లు దాటింది. తగ్గాల్సిన కరెంటు పెరిగింది!

కారణం ఏమిటంటే, మోటారు అనేది బల్బు లాంటిది కాదు. బల్బు ఫిలమెంటు ఒక నిరోధం. వోల్టేజీ తగ్గితే దానిలో కరెంటు తగ్గుతుంది, వెలుగు మందగిస్తుంది, అంతటితో సరి. మోటారు మీద మాత్రం ఒక బరువు ఉంది. బావిలోంచి నీటిని అంత ఎత్తుకు తోడాలి. వోల్టేజీ తగ్గినంత మాత్రాన నీటి బరువు తగ్గదు. వోల్టేజీ తగ్గేసరికి మోటారు లోపలి అయస్కాంత బలం తగ్గుతుంది, వేగం కొంచెం పడిపోతుంది, అదే పని చేయడానికి ఎక్కువ కరెంటు లాక్కుంటుంది.

లెక్క వేసి చూద్దాం. 1 హెచ్.పి. అంటే 746 వాట్లు. 5 హెచ్.పి. అంటే 3730 వాట్లు. త్రీఫేజ్‌లో పవర్ కావాలంటే 1.732ను వోల్టేజీతో, కరెంటుతో, పవర్ ఫ్యాక్టర్‌తో, మోటారు సామర్థ్యంతో గుణించాలి. పవర్ ఫ్యాక్టర్ 0.8, సామర్థ్యం 0.85 అనుకుంటే 415 వోల్టుల దగ్గర కరెంటు సుమారు 7.6 ఆంపియర్లు వస్తుంది. అదే 340 వోల్టుల దగ్గర సుమారు 9.3 వస్తుంది. వైండింగ్‌లో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, వేడి దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది. రోజూ సాయంత్రం ఆ వేడికి వైండింగ్ మీది ఇన్సులేషన్ కొంచెం కొంచెంగా మాడుతూ వచ్చింది.

మరి స్టార్టర్‌లో ఓవర్‌లోడ్ రిలే ఉండాలి కదా, అది ఎందుకు ఆపలేదు? లెక్చరర్ గారు స్టార్టర్ మూత తీసి చూపించారు. రిలే మీద 6 నుంచి 10 ఆంపియర్ల వరకు గుర్తులున్నాయి. ముల్లు 10 దగ్గర ఉంది. సాయంత్రాలు మోటారు మాటిమాటికీ ఆగిపోతోందని ఎవరో దాన్ని చివరికంటా తిప్పేశారు. అంటే ప్రమాదం ఉందని అరిచే కాపలావాణ్ణి నోరు మూయించారన్నమాట.

తర్వాత చేసింది పెద్ద పనేమీ కాదు. రిలే ముల్లును ఏడున్నర దగ్గరికి తెచ్చారు. మోటారును సాయంత్రం వేయడం మానేసి వోల్టేజీ బాగా ఉండే తెల్లవారుజామున వేసి ట్యాంకు నింపుకున్నాం. మేము హాస్టల్ వదిలి వెళ్ళేదాకా ఆ మోటారు మళ్ళీ కాలలేదు.

గుర్తుండటం వేరు, తెలియడం వేరు

ఈ సంఘటన మాకు నేర్పింది ఒకటుంది. ఓమ్ నియమం మాకు గుర్తుంది. కానీ అది ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ నేరుగా వాడకూడదో మాకు తెలియదు. గుర్తుండటమే తెలియడం అనుకున్నాం.

చదువు గురించి పరిశోధించిన బెంజమిన్ బ్లూమ్ అనే అమెరికా విద్యావేత్త, తన సహచరులతో కలిసి 1956లో ఆలోచనను ఆరు మెట్లుగా విడదీశాడు. 2001లో ఆ మెట్లను ఆయన శిష్యులు, సహచరులు సవరించారు. సవరించిన వరుస ఇది: గుర్తుంచుకోవడం, అర్థం చేసుకోవడం, వినియోగించడం, విశ్లేషించడం, మూల్యాంకనం చేయడం, సృజించడం. బి.ఎడ్. చదివే మన అన్నలు, అక్కలు దీన్ని బట్టీ పెడుతుంటారు! ఆలోచన గురించిన పాఠాన్ని కూడా బట్టీ పెట్టాల్సి రావడం మన చదువుల తీరు.

మన మోటారు మీద ఈ ఆరు మెట్లూ పెట్టి చూడండి.

ఓవర్‌లోడ్ రిలే అంటే ఏమిటో నిర్వచనం చెప్పగలగడం గుర్తుంచుకోవడం. కరెంటు ఎక్కువైతే అది ఎలా వేడెక్కి సర్క్యూట్‌ను తెంచుతుందో సొంత మాటల్లో చెప్పడం అర్థం చేసుకోవడం. 5 హెచ్.పి. మోటారుకు రిలేను ఎంత దగ్గర పెట్టాలో లెక్కగట్టడం వినియోగించడం. మోటారు సాయంత్రమే ఎందుకు కాలుతోందో భాగాలుగా విడదీసి చూడటం విశ్లేషించడం. "మోటారు పాతది, కొత్తది కొనండి" అన్న సలహా సరైనదా కాదా అని ఆధారాలతో తేల్చడం మూల్యాంకనం. ఇక మీద కాలకుండా నీళ్ళకు కొత్త ఏర్పాటు ఆలోచించడం సృజించడం.

మన పరీక్షల్లో ప్రశ్నలు ఎక్కువగా మొదటి రెండు మెట్ల మీదే ఆగిపోతాయి. పరీక్ష పాసైన తర్వాత బతుకులో ఎదురయ్యే ప్రశ్నలు మిగతా నాలుగు మెట్ల మీద ఉంటాయి. మార్కుల మెమో ఉండి కూడా పనిలో తడబడేది ఇక్కడే.

అయిదు అలవాట్లు

ఆలోచనా నైపుణ్యం పుట్టుకతో వచ్చే తెలివి కాదు. సైకిల్ తొక్కడం లాగా, ఈత లాగా అలవాటు చేసుకునేది. మాకు పనికొచ్చిన అయిదు అలవాట్లు చెబుతాం.

మొదటిది గమనించడం. చూడటం వేరు, గమనించడం వేరు. ఎప్పుడు, ఎక్కడ, ఎలా అన్నవి పట్టుకోవడమే గమనించడం. ఇది మనకు కొత్త విద్య కాదు. పొలంలో మన అమ్మానాన్నలు చేసేది ఇదే. పైరు పసుపుపచ్చగా మారితే అనుభవం ఉన్న రైతు, రైతుకూలీ ముందు చూసేది ఏ ఆకు పసుపయిందని. కింది ముదురు ఆకులు ముందు పసుపైతే నత్రజని లోపం అయ్యుండొచ్చు. పైన లేత ఆకులు ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపైతే ఇనుము లోపం అయ్యుండొచ్చు. దీనికి శాస్త్రం ఉంది. నత్రజని మొక్కలో కదులుతుంది. కొరత వస్తే ముదురు ఆకుల్లోంచి లేత ఆకుల్లోకి పోతుంది. ఇనుము అలా కదలదు, అందుకే కొత్త ఆకు ముందు పాలిపోతుంది. క్రాప్ ప్రొడక్షన్ చదివే తమ్ముళ్ళు ఈ పాఠం చదివేటప్పుడు ఇంటికి వెళ్ళి నాన్నను అడగండి. పాఠం సగం ఆయన దగ్గరే ఉంటుంది.

రెండోది కారణాలను ఊహించడం, ఒక్క కారణం దగ్గరే ఆగిపోకపోవడం. సీలింగ్ ఫ్యాను నెమ్మదిగా తిరుగుతోంది. కెపాసిటర్ పోయి ఉండొచ్చు, బేరింగు బిగుసుకుని ఉండొచ్చు, రెగ్యులేటర్ చెడి ఉండొచ్చు, వోల్టేజీయే తక్కువ కావచ్చు. నాలుగూ రాసుకోండి. మొదట తట్టిన కారణమే నిజమనుకుంటే అవసరం లేని సామాను మార్చి, డబ్బు పోగొట్టి, చెడ్డపేరు తెచ్చుకుంటాం.

మూడోది ఒక్కొక్కటిగా పరీక్షించడం. ఒకేసారి రెండు మార్చితే ఏది మార్చినందువల్ల బాగయిందో తెలియదు. రెగ్యులేటర్‌ను పక్కకు తప్పించి చూడండి. తేడా లేదా? రెగ్యులేటర్ మంచిదే. కరెంటు ఆపి ఫ్యాను రెక్కను చేత్తో తిప్పండి. తేలిగ్గా తిరిగితే బేరింగు బాగున్నట్టే. ఇక కెపాసిటర్ మిగిలింది. మామూలుగా సీలింగ్ ఫ్యానుకు 2.5 మైక్రోఫారడ్‌ది వాడతారు. అది మార్చి చూడండి.

పరీక్షించే వరుసలో కూడా తెలివి ఉంది. వార్షికోత్సవానికి స్టేజీకి కట్టే సీరియల్ బల్బుల తోరణం తీసుకోండి. పాత రకం తోరణంలో 32 బల్బులు ఒకే వరుసలో ఉన్నాయనుకుందాం. ఒక్కటి పోయినా మొత్తం వెలగదు. ఒక్కో బల్బూ పీకి చూస్తే 31 సార్లు చూడాల్సి రావచ్చు. ముందు ప్లగ్ తీసేసి, మల్టీమీటర్‌తో సగం తోరణానికి కంటిన్యుటీ చూడండి. ఆ సగం బాగుంటే లోపం రెండో సగంలో ఉంది. ఇక 16 మిగిలాయి. మళ్ళీ సగం చేస్తే 8, తర్వాత 4, 2, 1. పోయింది ఒకటే అయితే అయిదు పరీక్షల్లో దొరికిపోతుంది. కంప్యూటర్ కోర్సు చదివేవాళ్ళు దీన్నే బైనరీ సెర్చ్ అంటారు. ఎలక్ట్రీషియన్‌కూ, ప్రోగ్రామర్‌కూ ఇక్కడ ఆలోచన ఒక్కటే.

నాలుగోది అంచనా వేయడం. చేతిలో మీటరు లేకపోయినా సమాధానం ఎంత దగ్గర ఉండాలో మనసుకు తెలియాలి. త్రీఫేజ్ మోటారుకు హెచ్.పి.కి ఒకటిన్నర ఆంపియర్ అని మేస్త్రీలు కొండగుర్తు చెబుతారు. పైన వేసిన లెక్కలో 7.6ను 5తో భాగించండి. 1.52 వస్తుంది. మేస్త్రి నోటి లెక్క, పుస్తకం సూత్రం ఒకటేనని తెలిసిన రోజు మాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. తోరణం సంగతే మళ్ళీ చూడండి. 230 వోల్టులను 32 బల్బులు పంచుకుంటే ఒక్కోదానికి సుమారు 7 వోల్టులు. పోయిన బల్బు తీసేసి తీగలు కలిపేయడం చాలామందికి అలవాటు. అలా ఎనిమిది తీసేస్తే మిగిలిన 24లో ఒక్కోదాని మీద 9 వోల్టులు దాటుతుంది. అందుకే పాత తోరణం ఒకసారి మాడటం మొదలైతే బల్బులు వరుసగా పోతుంటాయి.

అయిదోది వచ్చిన సమాధానాన్ని నమ్మే ముందు తిరిగి చూసుకోవడం. మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చెల్లెళ్ళకు ఇది ప్రాణంతో సమానం. సాహ్లీ పద్ధతిలో హిమోగ్లోబిన్ చూశారు. పొద్దున్నే కబడ్డీ ఆడి వచ్చిన కుర్రాడికి 5 గ్రాములు వచ్చింది. రిజిస్టర్‌లో రాసేయడం తేలిక. "అంత తక్కువ ఉంటే ఈ అబ్బాయి ఇలా పరిగెత్తగలడా?" అని ఒక్క క్షణం ఆగడమే నైపుణ్యం. పిపెట్‌లో 20 మైక్రోలీటర్ల గుర్తు దాకా రక్తం రాలేదా? మధ్యలో గాలి బుడగ ఉందా? అప్పుడు రక్తం తక్కువై రీడింగు తక్కువ చూపిస్తుంది. మళ్ళీ చేసి చూడాలి. మళ్ళీ చేసినా అంతే వస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలి. అనుమానించడం అంటే ఫలితాన్ని కొట్టిపారేయడం కాదు, నిర్ధారించుకోవడం.

హంగేరీలో పుట్టిన జార్జ్ పోల్యా అనే గణితవేత్త 1945లో సమస్యల సాధన గురించి రాసిన పుస్తకంలో నాలుగు దశలు చెప్పాడు. సమస్యను అర్థం చేసుకోవడం, పథకం వేయడం, అమలు చేయడం, వెనక్కి తిరిగి చూడటం. లెక్కలకు చెప్పిన ఈ వరుస మోటారుకూ, రక్తపరీక్షకూ, పైరుకూ కూడా సరిపోతుంది.

ఆలోచన ప్రాణం కూడా కాపాడుతుంది

ఇది మన హాస్టళ్ళకు సంబంధించిన ముఖ్య విషయం. శ్రద్ధగా చదవండి.

చాలాచోట్ల బట్టలు ఆరేసుకోవడానికి ఇనుప తీగ కడతారు. దాని ఒక కొసను సర్వీసు వైరు దిగే ఇనుప పైపుకో, మోటారు షెడ్డు రేకుకో కట్టేస్తారు. ఎండాకాలమంతా ఏమీ కాదు. వానాకాలం ఒకరోజు తడి బట్ట వేస్తుంటే చేతికి జిల్లుమంటుంది. "వాన కదా, అంతే" అని అందరూ ఊరుకుంటారు. "జిల్లుమంది" అన్న మాటను వదిలేయకుండా "ఎక్కడినుంచి వచ్చింది?" అని అడగడం దగ్గరే ప్రాణం నిలబడటం, పోవడం ఆధారపడి ఉంటుంది.

ఇక్కడ మాత్రం ఓమ్ నియమం సరిగ్గా పనిచేస్తుంది. చెమట లేని పొడి చర్మం నిరోధం చాలా ఎక్కువ, లక్ష ఓమ్‌ల దాకా కూడా ఉండొచ్చు. 230ని లక్షతో భాగిస్తే 2.3 మిల్లీఆంపియర్లు. జిల్లుమని వదిలేస్తుంది. తడిసిన శరీరం, తడి నేల మీద వట్టి కాళ్ళు అయితే నిరోధం వెయ్యి ఓమ్‌ల దగ్గరికి పడిపోవచ్చు. 230ని వెయ్యితో భాగిస్తే 230 మిల్లీఆంపియర్లు. గుండె ఆగిపోవడానికి అంత అక్కర్లేదు. అదే తీగ, అదే వోల్టేజీ. నిన్న తాకితే ఏమీ కాలేదు కాబట్టి ఇవాళ కూడా కాదనుకోవడం ఎంత ప్రమాదమో ఈ రెండు లెక్కలు చెబుతాయి.

"ఎం.సి.బి. ఉంది కదా, అది పడిపోతుంది" అని కొందరు ధైర్యం చెబుతారు. 6 ఆంపియర్ల ఎం.సి.బి.కి 230 మిల్లీఆంపియర్లు ఒక లెక్కే కాదు. అది వైరును కాపాడటానికి పెట్టింది, మనిషిని కాపాడటానికి కాదు. మనిషిని కాపాడేది మంచి ఎర్తింగు, 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఈ తేడా తెలిసిన ఎలక్ట్రికల్ విద్యార్థి ఒక్కడు ఉన్నా, ఇనుప తీగ తీసేయించి నైలాన్ తాడు కట్టిస్తాడు. ఖర్చు కొద్దిపాటి రూపాయలు.

ఒక్క హెచ్చరిక. ఆలోచించమన్నాం కదా అని ఎవరూ ఒంటరిగా స్టార్టర్ మూతలు, మెయిన్ బోర్డులు విప్పకండి. కరెంటు ఆపించి, తెలిసిన పెద్దవాళ్ళను దగ్గర పెట్టుకునే చేయండి. తనకు తెలియనిది ఏదో తెలుసుకోవడం కూడా ఆలోచనలో భాగమే.

చేయి, తల వేరు చేసిందెవరు?

మన దేశంలో చేత్తో చేసే పనిని, తలతో చేసే పనిని వేరు చేసి, చేతిపనిని కొన్ని కులాలకు అంటగట్టి, ఆ పని చేసేవాళ్ళకు ఆలోచన లేదని ముద్ర వేశారు. మన తాతలు తోలు ఊనబెట్టారు, చెరువు తూముల కాపలా కాశారు, డప్పు బిగించారు. ఏ తోలు ఎన్నాళ్ళు నానాలో, డప్పును ఎంత సెగకు కాస్తే ఆ మోత వస్తుందో తెలియకుండా ఆ పనులు అవుతాయా? అది శాస్త్రం కాదా? రాసుకునే అవకాశం లేకపోయింది, అంతే.

1964–66 కొఠారీ కమిషన్ చదువులో పని అనుభవం ఉండాలని చెప్పింది. 1986 జాతీయ విద్యా విధానం 1990 నాటికి ప్లస్ టూ స్థాయిలో 10 శాతం మందిని, 1995 నాటికి 25 శాతం మందిని ఒకేషనల్ వైపు తేవాలని లక్ష్యం పెట్టుకుంది. ఆ లక్ష్యం చేరలేదు. ఒకేషనల్ చదువును తక్కువగా చూసే ధోరణి ఉందని 2020 విద్యా విధానం కూడా ఒప్పుకుంది. కాబట్టి మీకు ఎదురయ్యే చులకన మీ లోపం వల్ల వచ్చింది కాదు. అది చాలా పాతది.

శాస్త్ర చరిత్ర మాత్రం వేరే సంగతి చెబుతుంది. ఓమ్ నియమాన్ని 1827లో ప్రకటించిన జార్జ్ సైమన్ ఓమ్ తండ్రి తాళాలు చేసే మేస్త్రి. ఓమ్ బడిపంతులుగా పనిచేస్తూ తన ప్రయోగాలకు కావలసిన పరికరాలు చాలావరకు తానే చేసుకున్నాడు. 1831లో విద్యుదయస్కాంత ప్రేరణను కనిపెట్టిన మైకేల్ ఫారడే కమ్మరి కొడుకు. పదునాలుగేళ్ళ వయసులో బుక్ బైండింగ్ పనికి కుదిరాడు. బైండింగ్‌కు వచ్చిన పుస్తకాలు చదివి సైన్సు నేర్చుకున్నాడు. ఉపన్యాసాలు విని, శ్రద్ధగా నోట్సు రాసి, తానే బైండు చేసి హంఫ్రీ డేవీకి పంపాడు. 1813లో ఆ ప్రయోగశాలలో సహాయకుడయ్యాడు. ఆయనకు పై గణితం రాదు. కానీ ప్రతి ప్రయోగం, విఫలమైనది కూడా, రాసి పెట్టుకున్నాడు. మన హాస్టల్లో తిరిగే ప్రతి ఫ్యాను వెనుకా ఆ కమ్మరి కొడుకు ఆలోచన ఉంది.

హాస్టల్లో ఏం చేయవచ్చు?

పెద్ద ల్యాబులు అక్కర్లేదు. మేము చేసినవి, చేసి ఉంటే బాగుండేదని తర్వాత అనుకున్నవి చెబుతాం.

ఒక లోపాల పుస్తకం పెట్టండి. వంద పేజీల నోటుబుక్కు చాలు. ఏదైనా చెడినప్పుడు అయిదు ముక్కలు రాయండి: ఏం చూశాం, ఏమనుకున్నాం, ఏం పరీక్షించాం, ఏం తేలింది, ఎక్కడ పొరబడ్డాం. ఈ చివరిదే అన్నిటికంటే విలువైనది. ఏటా జూనియర్లకు ఆ పుస్తకం అప్పగించండి.

రికార్డు కాపీ కొట్టడం మానండి. సీనియర్ రికార్డు చూసి రీడింగులతో సహా దించేయడం అందరం చేసిన తప్పే. మీ రీడింగు పుస్తకంతో కలవకపోతే దాన్ని దిద్దకండి. ఎందుకు కలవలేదో కింద రెండు వాక్యాలు రాయండి. మీరు నేర్చుకునేది ఆ రెండు వాక్యాల్లోనే ఉంటుంది.

స్టడీ అవర్‌లో రోజుకొకరు ఒక విషయం తమ్ముళ్ళకు చెప్పండి. ఏడో తరగతి పిల్లవాడికి అర్థమయ్యేలా చెప్పలేకపోతే మనకే అర్థం కాలేదన్నమాట.

భాష గురించి భయపడకండి. పది దాకా తెలుగులో చదివి ఇంటర్‌లో ఇంగ్లీషు పదాలు చూసి మాలో చాలామంది నోరు మూసుకుని కూర్చున్నాం. ఆలోచన తెలుగులో చేయండి, పదాలు ఇంగ్లీషులో నేర్చుకోండి. రెండూ ఒకేసారి చేయబోతే రెండూ చెడతాయి.

ప్రశ్న అడగడానికి సిగ్గు పడకండి. "ఇది కూడా తెలియదా" అని ఎవరైనా అంటే నవ్వి మళ్ళీ అడగండి. అడిగితే పోయేది ఒక నిమిషం, అడగకపోతే పోయేది మోటారు.

ముందున్న దారులు కూడా తెలుసుకోండి. 1961 అప్రెంటిస్ చట్టాన్ని 1986లో సవరించి ఒకేషనల్ విద్యార్థులను కూడా అందులో చేర్చారు. పై చదువులకు బ్రిడ్జి కోర్సు ఉంది. ఆ దారుల్లో ఎక్కడికి వెళ్ళినా మిమ్మల్ని అడిగేది ఒక్కటే: ఇది ఎందుకు ఇలా అయింది? దానికి జవాబు వెతికే అలవాటు ఇప్పటినుంచే చేసుకోండి.

మా నలుగురిలో లో వోల్టేజీకి మోటారు కాలదని ధీమాగా అన్నవాడు ఇప్పుడు మోటార్ల వైండింగ్ షాపు నడుపుతున్నాడు. కాలిన మోటారు ఎవరు తెచ్చినా అతను అడిగే మొదటి ప్రశ్న, "ఏ పూట కాలింది?" అని. ఆ ప్రశ్న నేర్పిన కామాటి పెద్దాయనకు ఈ వ్యాసం ద్వారా మా నమస్కారాలు.

హాస్టల్ వార్షికోత్సవం సందర్భంగా తమ్ముళ్ళందరికీ, చెల్లెళ్ళందరికీ శుభాకాంక్షలు. స్టేజీకి కట్టే తోరణం వెలగకపోతే ఏం చేయాలో ఇప్పుడు మీకు తెలుసు. ముందు ప్లగ్ తీయండి.